తాతగారి పద్దుల పుస్తకంలో 'ఓరు', 'కన్నెమర', 'సింసన్' అని ఉంది, ఇవి ఏ కొట్లు? పక్కనున్న గీతలు ఏమిటి?

మింట్‌వీధి_మనవరాలు:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. మాది నాలుగైదు తరాలుగా చెన్నపట్నమే. జార్జ్‌టౌన్‌లో గోవిందప్ప నాయకన్ వీధి వెనక సందులో మా అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లుంది. కింద కొట్టు, పైన కాపురం, ఆ చుట్టుపక్కల పాత ఇళ్లన్నీ అలాగే కదా. ఇప్పుడు వాటాదారులంతా కలిసి అమ్మేస్తున్నారు, నెలాఖరుకి ఖాళీ చేసి తాళాలు ఇచ్చేయాలి. మొన్న ఆదివారం అటక మీది సామాను దింపుతుంటే ఒక రేకు పెట్టెలో ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం దొరికింది. అంచులు ముట్టుకుంటే పొడి రాలుతోంది, లోపల సిరా గోధుమ రంగుకి తిరిగింది కానీ అక్షరాలు చాలావరకు తెలుస్తున్నాయి.

అమ్మమ్మ వాళ్ల తాతగారిది నూనెల కొట్టు అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆముదం, కొబ్బరినూనె, అవిసెనూనె, లక్క, గుగ్గిలం అమ్మేవారట, అంతకు మించి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. మొదటి పేజీలో పసుపు బొట్టు, శ్రీరామ, కింద 'మన్మథ నామ సంవత్సరం' అని ఉంది. ఆషాఢ మాసంలో ఒక రోజు పద్దు ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను, గీతలు టైపు చేయడం రాక మాటల్లో రాశాను.

జమ వైపు:
సింసన్ వారికి అవిసెనూనె 2 మణుగులు: 8, పక్కన రెండు నిలువు గీతలు, ఒక అడ్డ గీత
కన్నెమరకు కొబ్బరినూనె 1 మణుగు 4 వీశెలు: 6, ఒక నిలువు గీత, మూడు అడ్డ గీతలు
తోటబంగళా దుబాసీకి ఆముదం 3 వీశెలు: 1, రెండు నిలువు, రెండు అడ్డం

ఖర్చు వైపు:
ఓరు వారి వద్ద గడియారం మరమ్మతు: 1, మూడు నిలువు
ట్రాంబండి: అంకె లేదు, రెండు అడ్డ గీతలే
పడవ కూలి: 2, ఒక నిలువు

కింద మొత్తాలు కూడా గీతలతోనే వేశారు. మొదట చూసినప్పుడు 'కన్నెమర' ఎవరో కన్నెమ్మ అనే ఆవిడ పేరేమో, ఖాతాదారు అయి ఉంటుందనుకున్నాను. ఓరు ఎవరో అస్సలు తెలియలేదు. ఇవి ఏ కొట్లు, ఎక్కడుండేవి, ఇప్పుడేమైనా మిగిలాయా? ఇది ఏ సంవత్సరం? మా తమ్ముడు దీన్ని పాత పేపర్లవాడికి వేసేద్దాం అంటున్నాడు, వాడికి చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు లేదు, అదే నా బాధ.


పాత_దస్తావేజులు:

అమ్మా, ముందు గీతల సంగతి చెబుతాను, అది తేలితే మిగతావన్నీ తేలతాయి. మాది నెల్లూరు వైపు, ఇప్పుడు అంబత్తూరులో ఉంటున్నాం. మా నాన్నగారు చిల్లర కొట్టు చిట్టా ఇలాగే రాసేవారు కాబట్టి నాకు చిన్నప్పుడే అలవాటైంది.

ఆ గీతలు భిన్నాలు. మన తెలుగు లెక్కలో భిన్నాలు నాలుగేసి వంతులుగా నడుస్తాయి. నిలువు గీత ఒకటి అంటే పాతిక, అంటే నాలుగో వంతు. రెండు నిలువు గీతలు అర, మూడు గీతలు ముప్పాతిక. ఆ పాతికను మళ్లీ నాలుగు చేస్తే వచ్చేది వీసం, అంటే పదహారో వంతు, దానికి అడ్డ గీత. రూపాయికి 16 అణాలు కాబట్టి ఈ పద్ధతి డబ్బు లెక్కకి అచ్చంగా కుదిరిపోయింది. నిలువు గీత ఒకటి పావలా, అడ్డ గీత ఒకటి అణా, రెండు అడ్డ గీతలు బేడ. అంటే సింసన్ వారి పద్దు 8 రూపాయల 9 అణాలు. రెండు నిలువు గీతలకి 8 అణాలు, అడ్డ గీతకి 1 అణా. మిగతావి మీరే చదవగలరు, చదివి చూడండి, భలే ఉంటుంది.

ఇక తూకం. మద్రాసు లెక్కలో 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక కండి. మణుగంటే ఇంగ్లీషు వాళ్ల 25 పౌన్లు, మన కిలోల్లో 11 పైన. వీశె దాదాపు కిలో 400 గ్రాములు. కాబట్టి సింసన్ వారికి వెళ్లిన నూనె 22 కిలోలు దాటింది. ఇంటి వాడకానికి ఎవరూ అంత అవిసెనూనె కొనరు, అది పనిశాలకి పోయిన సరుకు.

సంవత్సరం. మన్మథ 60 ఏళ్లకొకసారి వస్తుంది కదా, 1835, 1895, 1955. ఈ మూడింట్లో ఏదో చెప్పడానికి ఆ బేడ ఖర్చే సాక్షి. మద్రాసులో ట్రాం మొదలైంది 1895 మే 7న, దేశంలోనే మొట్టమొదటి కరెంటు ట్రాం అది. ఆగిపోయింది 1953లో. 1835లో ట్రాం లేదు, 1955కి ట్రాం పోయింది. మిగిలింది 1895. మీరు చెప్పినది ఆషాఢం, అంటే ట్రాం పట్టాలెక్కి రెండు మూడు నెలలే అయింది! మీ పెద్దాయన కొత్త బండి ఎక్కి ఎక్కడికో వెళ్లొచ్చి, ఆ బేడ కూడా దాచకుండా రాసుకున్నారు. విక్టోరియా రాణి పోవడానికి ఇంకా ఆరేళ్లుంది.

'ఓరు', 'కన్నెమర' గురించి ఇక్కడ నాకంటే బాగా తెలిసినవాళ్లున్నారు, వాళ్లకే వదిలేస్తున్నాను.


గడియారాల_తాత:

తల్లీ, ఓరు అంటే పి. ఓర్ అండ్ సన్స్. మౌంట్ రోడ్డులో గడియారం బురుజున్న పెద్ద కట్టడం, ఇప్పటికీ ఉంది. నేను నలభై ఏళ్లు గడియారాల రిపేరు చేసి కళ్లు సన్నగిల్లాక మానేశాను, ఆ కట్టడం ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక్క నిమిషం నిలబడే పోతాను. 1849లో మొదలైన కంపెనీ. ఆ కట్టడం 1870లలో లేచింది, గీసినది చిజమ్ దొర, మద్రాసులో ఎర్రటి పెద్ద కట్టడాలు కొన్ని ఆయనవే. మెట్రో పని జరిగినప్పుడు వెనకభాగం కొంత పోయింది, ముందుభాగం నిలిచింది.

అప్పట్లో జేబు గడియారాలు సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, ఓడలో వచ్చేవి. ఇక్కడి ఉప్పుగాలికి, తేమకి లోపలి స్ప్రింగు తుప్పు పట్టడం, నూనె జిగురైపోయి గడియారం వెనకబడడం మామూలే, నా రోజుల్లోనూ అంతే. మూత తీయగానే ఆకుపచ్చగా పేరుకున్న పాత నూనె కనబడేది, దాన్ని పెట్రోలులో కడిగి, సన్నటి సూది మొనతో రాయి ఉన్న ప్రతి గుంటలో ఒక్క బొట్టు కొత్త నూనె పెట్టాలి. బొట్టు ఎక్కువైతే పాకి దుమ్ము పడుతుంది, తక్కువైతే ఇరుసు అరుగుతుంది. మీ పెద్దాయన నూనెల వ్యాపారి, గడియారానికి మాత్రం ఆయన కొట్టులో నూనె ఏదీ పనికిరాదు. 1 రూపాయి 12 అణాలంటే ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు, మంచి గడియారమే అయి ఉంటుంది. అది ఇంట్లో ఎక్కడైనా ఉందేమో ఆ పెట్టెలన్నీ సరిగ్గా వెతకండి.

ఇంకో మాట. ఓరు వారికి గడియారాలతో పాటు వెండి పనికి గొప్ప పేరు. స్వామి వెండి అనేవారు, అంటే టీ కెటిల్ మీద, పాలగిన్నె మీద, ట్రేల మీద మన దేవుళ్ల బొమ్మలు ఉబ్బెత్తుగా కొట్టి చేసేవారు. 1875లో వేల్స్ యువరాజు ఇండియా వచ్చాక వాటికి సీమలో కూడా గిరాకీ పెరిగింది. ఆ బొమ్మలు కొట్టిన చేతులు మాత్రం ఇక్కడి వెండిపనివాళ్లవి. కృష్ణుడి కాలు ఎటు వంగుతుందో, నంది మెడలో గంటలు ఎలా వేలాడతాయో సీమ నుంచి వచ్చినవాడికి ఏం తెలుస్తుంది? గిన్నె తిరగేస్తే అడుగున కంపెనీ ముద్ర కనబడుతుంది. చేసినవాడి పేరుండదు. ఇప్పుడు వేలంపాటల్లో వాటి ధరలు చూసినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది.

సింసన్ ఇప్పటికీ మౌంట్ రోడ్డులోనే ఉంది. 1840లో గుర్రపు జీన్లు, గుర్రబ్బండ్లు చేసే కంపెనీగా మొదలైంది. తర్వాత 1903లో ఆవిరితో నడిచే కారు కూడా చేశారు. అక్కడికి అవిసెనూనె ఎందుకంటే బండి రంగు కోసం. గుర్రబ్బండికి రంగంటే ఒక్క పూత కాదమ్మా. పూత వేసి, ఆరాక రుద్ది, మళ్లీ పూత వేసి మళ్లీ రుద్ది, పైన వార్నిషు, ఇలా వారాల తరబడి సాగే పని, అద్దంలో చూసుకున్నట్టు ముఖం కనబడాలి. ఆ రంగు కలపడానికి అవిసెనూనె కావాలి, వార్నిషుకి లక్క, గుగ్గిలం కావాలి. మీరు రాసిన సరుకుల పేర్లు చూస్తుంటేనే మీ పెద్దాయన కొట్టు ఎవరిని నమ్ముకుని నడిచిందో తెలుస్తోంది.


సత్రం_భోజనం:

కన్నెమర అంటే కన్నెమరా హోటలు అక్కా! ఇప్పటికీ అందరూ పలికేది అలాగే కదా. ఎగ్మూరులో లైబ్రరీకి ఉన్నదీ అదే పేరు. లార్డ్ కన్నెమరా అని మద్రాసు గవర్నరు, 1886 నుంచి 1890 దాకా ఉన్నాడు. ఆ చోట 1854లో ఇంపీరియల్ అని హోటలు పెట్టారు, 1886లో అది ఆల్బనీ అయింది, 1890లో కన్నెమరా అని పేరు మార్చారు. మరుసటి ఏడు స్పెన్సర్స్ యజమాని ఓక్‌షాట్ దొర కొనుక్కున్నాడు. స్పెన్సర్స్ పక్కనే కాబట్టి కొట్టూ హోటలూ ఒకే చేతికి వచ్చాయన్నమాట. మీ పుస్తకం రాసేనాటికి ఆ పేరు పెట్టి అయిదేళ్లే.

కొబ్బరినూనె 17 కిలోలు ఎందుకంటే నాకు తోచేది దీపాలకి. ట్రాముకి కరెంటు వచ్చిందన్న మాటే కానీ గదుల్లో, వసారాల్లో వెలుగు ఇంకా నూనెదే. గాజు గ్లాసులో సగం నీళ్లు పోసి, పైన కొబ్బరినూనె పోసి, ఒత్తి నిలబెట్టే దీపాలు మా ముత్తమ్మమ్మ ఇంట్లో కూడా ఉండేవట. హోటల్లో ఎన్ని గదులు, ఎన్ని వసారాలు, రాత్రి పొడుగునా వెలగాలి. అందుకే మణుగుల లెక్క.

ఐసు సంగతి కూడా చెప్పాలి, హోటలు అనగానే నాకు అదే గుర్తొస్తుంది. సముద్రం ఒడ్డున గుండ్రంగా ఉండే ఐస్‌హౌస్ తెలుసు కదా, ఇప్పుడు వివేకానంద ఇల్లం. 1842లో అమెరికా వ్యాపారి టూడర్ కట్టించాడు. బోస్టన్ దగ్గర చెరువుల్లో చలికాలం గడ్డకట్టిన మంచుని కోసి, రంపపు పొట్టులో చుట్టి, ఓడలో నెలల తరబడి ప్రయాణం చేయించి ఇక్కడ దింపేవారు. 1874లో మద్రాసులోనే యంత్రం మీద ఐసు చేసే కంపెనీ వచ్చాక ఆ వ్యాపారం చితికిపోయింది. తర్వాత ఆ కట్టడం బిళిగిరి అయ్యంగారి చేతికి వచ్చింది, 1897లో వివేకానందులవారు బస చేసింది అక్కడే. కాబట్టి మీ పెద్దాయన నూనె పంపిన హోటల్లో దొరల గ్లాసుల్లో పడ్డ ఐసు మన ఊరి ఐసే.

ఇంకో విషయం, అప్పటి హోటలు వేరు, ఇప్పుడు మనం అనే హోటలు వేరు. ఇడ్లీ, కాఫీ దొరికే హోటలు మన నోట్లోకి తర్వాత వచ్చిన మాట, ఉడిపి హోటళ్లు వచ్చింది 20వ శతాబ్దంలో. 1895లో నెల్లూరు నుంచో గుంటూరు నుంచో కోర్టు పని మీద వచ్చినవాడు కన్నెమరా గుమ్మం తొక్కడు. తెలిసినవాళ్ల ఇంటి అరుగు మీదో, సత్రంలోనో పడుకుని, పూటకూళ్ల ఇంట్లో విస్తరి ముందు కూర్చునేవాడు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా సవలై రామస్వామి మొదలియారు కట్టించిన సత్రం 1888 నాటిది, ఇప్పటికీ నిలబడి ఉంది. మా మామగారి నాన్నగారు మొదటిసారి పట్నం వచ్చినప్పుడు దిగింది అక్కడేనని ఇంట్లో చెప్పుకుంటారు, రైలు దిగి రోడ్డు దాటితే సత్రం. పూటకూళ్లమ్మల కొట్టు పేర్లు ఏ బోర్డు మీదా లేవు, పేరుకి బోర్డే లేదు. వాళ్ల చారు రుచి ఇళ్లల్లో కథలుగా మిగిలింది.


వరదలో_పోయినవి:

మిగతావాటి గురించి నాకు తెలియదు. ఒక్కటే చెప్పాలని రాస్తున్నాను. దయచేసి పాత పేపర్లవాడికి వేయకండి. మా ఇంట్లో ఇలాంటివే మూడు పుస్తకాలుండేవి, మా తాత రాసిన అరువు పద్దులు, ఎవరికి ఎంత ఇచ్చారో, ఏ పెళ్లికి ఏం కొన్నారో అన్నీ. 'తర్వాత చూద్దాం' అని మంచం కింద పెట్టాం. 2015 డిసెంబరు వరదలో కోట్టూరుపురంలో మా కింది వాటాలో నీళ్లు నడుము దాకా వచ్చాయి, మూడో రోజు లోపలికెళ్తే పుస్తకాలు ముద్దైపోయి ఉన్నాయి, వేలు పెడితే పిండిలా ఊడొచ్చాయి. ఇవాళే ప్రతి పేజీ ఫోటో తీసేయండి, పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడకుండా. చిరిగిన చోట సెల్లో టేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి పడుకోబెట్టి ఉంచండి, నిలబెట్టకండి.


సైదాపేట_సైకిల్:

తాతగారూ, సత్రం అక్కా రాసినవి చదివి చాలా తెలుసుకున్నాను. కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది, చెప్పకుండా ఉండలేను. పాత మద్రాసు కొట్లు అనగానే అందరం మౌంట్ రోడ్డుకే పోతాం. 1844 నాటి హిగ్గిన్‌బాథమ్స్, 1863 నాటి స్పెన్సర్స్, మందుల వ్యాపారి స్మిత్ దొర 1897లో కట్టించిన కార్డిల్ బిల్డింగ్, అదే తర్వాత భారత్ ఇన్సూరెన్స్ కట్టడం, ఇవే చెప్పుకుంటాం. మంచివే, నేను కాదనను. కానీ ఈ పద్దు ఒక్కటి చూడండి. సింసన్ బండికి రంగు రావాలన్నా, కన్నెమరాలో దీపం వెలగాలన్నా సరుకు ఎక్కడి నుంచి వెళ్లింది? బ్లాక్‌టౌన్‌లో ఒక సందులోని కొట్టు నుంచి. జార్జ్‌టౌన్ అనే పేరే 1911లో వచ్చింది, అప్పటిదాకా దొరల నోట బ్లాక్‌టౌనే.

ఆ కాలంలో ఏటేటా అసైలమ్ ప్రెస్ ఆల్మనాక్ అని ఒక లావు పుస్తకం వచ్చేది, కంపెనీలు, ఉద్యోగాలు, దొరల ఇళ్లు, వీధుల పేర్లు అన్నీ అందులో ఉంటాయి. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో అడిగి చూడండి, రాష్ట్ర ఆర్కైవ్స్ కూడా ఎగ్మూరులోనే. నేను రెండు సంపుటాలు కూర్చుని తిరగేశాను. మౌంట్ రోడ్డు కంపెనీలు వెంటనే దొరికాయి. గోవిందప్ప నాయకన్ వీధి సందులో నూనె కొట్టు లాంటిది ఒక్కటీ నా కంటపడలేదు. అందుకే అక్కా, మీ చేతిలో ఉన్నది ఆ లావు పుస్తకంలో లేని సగం. మీ తమ్ముడికి ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక మిగిలిన రెండు పద్దులు. దుబాసీ అంటే రెండు భాషలవాడు. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో దుబాసీలంటే పెద్ద పెద్ద వర్తకులు, వాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. విక్టోరియా కాలానికి వచ్చేసరికి మద్రాసులో దొర ఇంటి వ్యవహారం చూసే పెద్ద నౌకరుని కూడా దుబాసీ అనేవారు. తోటబంగళా అంటే నుంగంబాక్కం, అడయారు వైపు పెద్ద పెద్ద తోటల మధ్య ఉండే దొరల ఇళ్లు. దొరసాని బజారుకి రాదు, దుబాసీ వస్తాడు, బేరం అతనిదే, అందులో దస్తూరీ, అంటే కమీషను, కూడా అతనిదే. అందుకే పద్దులో దొర పేరు లేదు.

పడవ కూలి చూసి నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. బకింగ్‌హామ్ కాలువని ఇప్పుడు మురుగు కాలువ అనుకుంటాం, ముక్కు మూసుకుని దాటేస్తాం. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా, కూలి దొరకని జనానికి పని చూపించడం కోసం ఊరి మధ్యలో మిగిలిన ముక్కని తవ్వించి ఉత్తరం కాలువనీ దక్షిణం కాలువనీ కలిపారు. అప్పటి గవర్నరు పేరే పెట్టారు. ఆ కాలువ ఉత్తరాన పెదగంజాం దాకా పోయి కృష్ణా కాలువలతో కలుస్తుంది, అక్కడి నుంచి గోదావరి కాలువల మీదుగా కాకినాడ దాకా నీటి మీదే పోవచ్చు. శ్రీహరికోట కట్టెలు, పులికాట్ గుల్ల సున్నం అన్నీ పడవల్లో వచ్చి బేసిన్ బ్రిడ్జి దగ్గర దిగేవి. మీ కొట్టుకి సరుకు మన జిల్లాల నుంచి అలా వచ్చిందని ఈ ఒక్క పద్దుతో తేల్చలేం కానీ, మిగతా పేజీల్లో పడవ కూలి పక్కన ఊరి పేరేమైనా ఉందేమో తప్పకుండా చూడండి.

ఆ వీధుల్లో ఒక రోజు నడవండి, ఆదివారం కాకుండా. ఆండర్సన్ వీధిలో ఇప్పటికీ కాగితాలు, గోడౌన్ వీధిలో బట్టలు, ఒక్కో వీధికి ఒక్కో సరుకు. కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడు పోయింది, స్థలం కన్యకా పరమేశ్వరి దేవస్థానం వాళ్లది. పోయినవాటిలో నాకు బాగా బాధ అనిపించేది మూర్ మార్కెట్. 1898లో పునాది, 1900లో తెరిచారు, 1985 మే 30న కాలిపోయింది. నాకప్పుడు పదకొండేళ్లు. అంతకు ముందు వేసవిలోనే మా నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, పాత పుస్తకాల కొట్టులో రూపాయిన్నరకి తెలుగు పెద్దబాలశిక్ష కొనిపెట్టాడు. లోపల ఎవరిదో పిల్లవాడి పేరు పెన్సిలుతో రాసి ఉంది, దాన్ని చెరపనివ్వలేదు నాన్న.


పాత_దస్తావేజులు:

సైకిల్ బాబూ చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. తెలుగు అచ్చు కూడా ఆ పట్నం వృత్తుల్లోదే. వావిళ్ల రామస్వామి శాస్త్రులు గారు 1854లో అచ్చుకూటం పెట్టింది చెన్నపట్నంలోనే. మన జిల్లాల్లో చదువుకున్న చాలా ఇళ్లకి పురాణాలు, శతకాలు పట్నం నుంచే వచ్చేవి. అక్షరాలు కూర్చినవాళ్లు, అట్టలు కుట్టినవాళ్లు వందల మంది, వాళ్ల సంగతీ ఎవరైనా రాస్తే బాగుండు.

అమ్మా, మొత్తాలు కూడి చూశారా?


మింట్‌వీధి_మనవరాలు:

అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని మీరు చెప్పినట్టు ఒక్కో గీతా చదివాను. జమ వైపు 8 రూపాయల 9 అణాలు, 6 రూపాయల 7 అణాలు, 1 రూపాయి 10 అణాలు. కూడితే 16 రూపాయల 10 అణాలు వచ్చింది. పుస్తకంలో 16, పక్కన రెండు నిలువు, రెండు అడ్డం. ఖర్చు వైపు 1 రూపాయి 12 అణాలు, ట్రాంకి బేడ, పడవకి 2 రూపాయల 4 అణాలు, మొత్తం 4 రూపాయల 2 అణాలు. పుస్తకంలో 4, రెండు అడ్డ గీతలు. కింద నిలవ 12, రెండు నిలువు గీతలు, అంటే 12 రూపాయల 8 అణాలు, అదీ సరిపోయింది.

తమ్ముడికి ఫోన్లో అంతా చెప్పాను, సైకిల్ అన్న రాసింది కూడా చదివాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'అక్కా, మౌంట్ రోడ్డుకి ట్రాంలో వెళ్లింది గడియారం తెచ్చుకోవడానికే అయి ఉంటుంది కదా' అన్నాడు. నాకు తట్టలేదు ఆ సంగతి, రెండు పద్దులూ పక్కపక్కనే ఉన్నాయి. పోను ఒక అణా, రాను ఒక అణా అనుకుంటే బేడ సరిగ్గా కుదురుతుంది. శనివారం వాడే వచ్చి ఫోటోలు తీస్తానన్నాడు, మంచి కెమెరా ఉంది వాడి దగ్గర.

తాతగారూ, గడియారం ఇంకా దొరకలేదు. మీరు చెప్పాక రేకు పెట్టెలన్నీ మళ్లీ దింపాం. ఒక దాంట్లో అడుగున నల్లబడిన వెండి గొలుసు మాత్రం ఉంది, జానెడు పొడుగు, ఒక కొసన కొక్కెం, ఇంకో కొసన చిన్న అడ్డ కడ్డీ. జేబు గడియారం గొలుసు ఇలాగే ఉంటుందా? ఫోటో రేపు పెడతాను, చూసి చెప్పండి.


గడియారాల_తాత:

అదే తల్లీ. అడ్డ కడ్డీ చొక్కా బొత్తం కాజాలో దూరుస్తారు, కొక్కెం గడియారానికి తగిలిస్తారు. చింతపండు పెట్టి తోమకు. మెత్తని పొడిగుడ్డతో తుడిచి ఫోటో పెట్టు, కొక్కెం లోపలి వైపు ఏమైనా ముద్ర ఉందేమో భూతద్దంతో చూడు.